క్రిస్మస్ రోస్ట్‌కి పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్: బేకన్ కరకరలాడాలంటే ఏం చేయాలి

డిసెంబరు రాగానే బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది: “పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ చేశాం. సాసేజ్ బాగానే ఉడికింది, పైనున్న బేకన్ మాత్రం పాలిపోయి మెత్తగా ఉండిపోయింది. ఎందుకు?” ఇంకొందరిది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బేకన్ నల్లగా మాడింది, లోపల సాసేజ్ పచ్చిగా ఉంది.

మొదటి ఇబ్బందికి మందు ఇదీ, రెండోదాని సంగతి కింద “తేడా వస్తే” దగ్గర చెబుతాను. బేకన్‌ను పల్చగా సాగదీసి ఒకే పొరగా చుట్టండి. ట్రేలో ఎడం ఇవ్వండి. టర్కీ ఓవెన్‌లోంచి బయటికి వచ్చాకే వీటిని లోపల పెట్టండి. ఈ మూడూ పాటిస్తే మొదటిసారి చేసేవాళ్ళకి కూడా బాగా వస్తాయి.

వేలంత సాసేజ్‌కి బేకన్ చుట్టి ఓవెన్‌లో కాల్చడమే ఈ వంటకం. బ్రిటన్‌లో క్రిస్మస్ రోజు మధ్యాహ్నం టర్కీ, రోస్ట్ బంగాళాదుంపలు, స్ప్రౌట్స్, స్టఫింగ్, గ్రేవీ పక్కన ఇది ఉండి తీరాలి. స్కాట్లాండ్‌లో కిల్టెడ్ సాసేజెస్ అంటారు. ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు సాసేజ్‌ను మైదా పిండిలో చుట్టి కాల్చినవి కనిపిస్తే అవి అమెరికా పద్ధతివి. ఆ కొలతలు, ఆ సమయాలు ఇక్కడ పనికిరావు.

కావలసినవి (8 మందికి, మనిషికి మూడు చొప్పున)

• కాక్‌టెయిల్ చిపొలాటాలు (వేలంత చిన్న, సన్నటి సాసేజ్‌లు) 24. లేదా మామూలు చిపొలాటాలు 12 (సగానికి చేసుకోవచ్చు)
• స్ట్రీకీ బేకన్ 12 స్లైసులు
• తేనె 1 టేబుల్ స్పూన్, హోల్‌గ్రెయిన్ మస్టర్డ్ 2 టీస్పూన్లు (ఇష్టమైతేనే)
• దంచిన మిరియాలు కొద్దిగా
• తక్కువ ఎత్తు అంచున్న ఓవెన్ ట్రే, బేకింగ్ పేపర్, కిచెన్ పేపర్, పటకారు
• మీట్ థర్మామీటర్

ఉప్పు వద్దు. బేకన్‌లోనూ సాసేజ్‌లోనూ కావలసినంత ఉంటుంది. నూనె కూడా వద్దు, బేకన్ తన కొవ్వులోనే వేగుతుంది. థర్మామీటర్ లేకపోయినా పని నడుస్తుంది గానీ, క్రిస్మస్‌కి టర్కీ చేసేవాళ్ళు ఒకటి కొనుక్కోవడం మంచిది. అదే దీనికీ పనికొస్తుంది.

కొనేటప్పుడు

సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. సూపర్‌మార్కెట్‌లో బ్యాక్ బేకన్, స్ట్రీకీ బేకన్ పక్కపక్కనే ఉంటాయి. బ్యాక్ బేకన్ పంది నడుము భాగంలోది. వెడల్పుగా ఉంటుంది, కొవ్వు తక్కువ. చుడితే లావుగా అయి, తోలులా గట్టిపడుతుంది. మనకి కావలసింది స్ట్రీకీ. ఇది పొట్ట భాగంలోది, సన్నగా పొడుగ్గా కొవ్వు చారలతో ఉంటుంది. ఆ కొవ్వు కరిగితేనే కరకరలాడుతుంది.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. నీళ్ళు కలిపారని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. ఓవెన్‌లో ఆ నీళ్ళన్నీ తెల్లటి నురగలా బయటికి వచ్చి బేకన్‌ను ఉడకబెడతాయి, వేగనివ్వవు. “డ్రై క్యూర్డ్” (నీళ్ళు లేకుండా పొడి ఉప్పు పట్టించి నిలవ చేసినది) అని ఉన్నది తీసుకోండి. కొంచెం ధర ఎక్కువే, కానీ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మందంగా కోసినవి కాకుండా పల్చటివే ఎంచుకోండి. స్మోక్డ్ అయితే రుచి బాగా తెలుస్తుంది. ఉప్పదనం తక్కువ కావాలంటే అన్‌స్మోక్డ్ మంచిది.

సాసేజ్ విషయంలో మాంసం శాతం చూడండి. బ్రిటన్‌లో పోర్క్ సాసేజ్ అని అమ్మాలంటే కనీసం 42 శాతం పోర్క్ ఉండాలి. ఆ కనీసం దగ్గరే ఉన్నవి కాల్చాక మెత్తటి పిండిముద్దలా ఉంటాయి. 80 శాతం పైన ఉన్నవి కొనండి. ఇంకో సంగతి: ఇక్కడి సాసేజ్‌లలో చాలావాటిలో గోధుమ రస్క్ కలుస్తుంది. మీ అతిథుల్లో గ్లూటెన్ పడనివాళ్ళుంటే గ్లూటెన్ లేనివి విడిగా దొరుకుతాయి.

చేసే విధానం

1. ఓవెన్ వేడి చేయండి. మామూలు ఓవెన్ అయితే 200 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 180, గ్యాస్ అయితే మార్క్ 6. వేడెక్కుతోందని చూపే చిన్న లైటు ఆరేదాకా ఆగండి. చల్లటి ఓవెన్‌లో పెడితే బేకన్ కొవ్వు మెల్లగా కారిపోతుంది తప్ప వేగదు.

2. మామూలు చిపొలాటాలు కొన్నట్లయితే వాటిని సగం చేయండి. కత్తితో కోస్తే లోపలి మాంసం బయటికి వచ్చేస్తుంది. సాసేజ్ మధ్యలో రెండు వేళ్ళతో నొక్కి, ఒక సగాన్ని నాలుగైదు మెలికలు తిప్పండి. మెలిక పడ్డచోట కత్తెరతో కత్తిరించండి. రెండు చిన్న సాసేజ్‌లు చక్కగా వస్తాయి.

3. సాసేజ్‌లను కిచెన్ పేపర్‌తో తడి లేకుండా అద్దండి. మన ఇళ్ళలో మాంసం కడగందే వంట మొదలవదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: వీటిని కడగకండి. కడిగితే సింకు చుట్టూ పచ్చి మాంసం నీళ్ళు చిందడం తప్ప లాభమేమీ లేదు, పైగా తడి పెరుగుతుంది. పచ్చి మాంసం పెట్టిన బోర్డు మీద సలాడ్ కోయకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

4. బేకన్‌ను సాగదీయండి. చాలామంది వదిలేసేది ఈ పనే. స్లైసును బోర్డు మీద పరిచి, ఒక కొసను వేలితో నొక్కి పట్టుకోండి. కత్తి మొద్దు వైపును స్లైసు మీద ఏటవాలుగా పెట్టి, నొక్కుతూ రెండో కొస దాకా లాగండి. రెండు మూడుసార్లు లాగితే పల్చబడి, పొడవు కనీసం మూడో వంతు పెరుగుతుంది. ఇలా చేస్తే త్వరగా వేగుతుంది, ఓవెన్‌లో ముడుచుకుపోయి ఊడిపోదు కూడా. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసినదైతే చిరిగిపోతుంది, పూర్తిగా కరగనివ్వండి.

5. సాగదీసిన స్లైసును అడ్డంగా రెండు ముక్కలు చేయండి. ఒక్కో చిన్న సాసేజ్‌కి ఒక్కో ముక్క. చిపొలాటాలను కోయకుండా పొడుగ్గానే ఉంచితే ఒక్కోదానికి పూర్తి స్లైసు వాడండి.

6. మిరియాలు వేసేటట్లయితే బేకన్ లోపలివైపు చల్లండి. సేజ్ ఆకు ఉంటే చుట్టే ముందు సాసేజ్ మీద ఒకటి పెట్టుకోవచ్చు, పోర్క్‌కి ఆ వాసన బాగా కుదురుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు, గరం మసాలా మాత్రం వద్దు. రుచి సంగతి అలా ఉంచితే, తడి మసాలా ఏది పట్టించినా బేకన్ వేగదు. కారం కావాలంటే చివర్లో తేనెలో కలుపుకునే వీలుంది, అక్కడికి వస్తాను.

7. చుట్టండి. సాసేజ్ ఒక కొసన మొదలుపెట్టి కొంచెం ఏటవాలుగా తిప్పుతూ రెండో కొసకి వెళ్ళండి. ఒక చుట్టు అంచు మీదికి రెండో చుట్టు కొద్దిగా ఎక్కితే చాలు. ఒకే చోట రెండు మూడు పొరలు పడితే లోపలి పొర ఎప్పటికీ వేగదు. సాసేజ్ కొసలు రెండూ బయటికి కనిపించాలి.

8. ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, బేకన్ కొస అడుగున ఉండేలా పెట్టండి. సాసేజ్ బరువుకే ఆ కొస అతుక్కుంటుంది, టూత్‌పిక్ అక్కర్లేదు. గుచ్చాలనుకుంటే టూత్‌పిక్‌లను ముందుగా నీళ్ళలో నానబెట్టండి, ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకుని వడ్డించే ముందు అన్నీ తీసేయండి. పిల్లలు తినేది కాబట్టి ఇది మర్చిపోకూడదు. ఒక్కోదానికీ మధ్య బొటనవేలంత ఖాళీ ఉంచండి. 24 పట్టకపోతే రెండు ట్రేలు వాడండి. లోతైన గిన్నెలాంటి ట్రేలో ఆవిరి బయటికి పోదు, అందుకే అంచు తక్కువగా ఉన్నది చెప్పాను.

9. ఓవెన్‌లో పెట్టి 15 నిమిషాలు తలుపు తీయకండి. తర్వాత ట్రే బయటికి తీసి, అడుగున చేరిన కొవ్వును ఒక గిన్నెలోకి జాగ్రత్తగా ఒంపేయండి. ఒక్కోదాన్నీ పటకారుతో తిప్పి మళ్ళీ లోపల పెట్టండి. రెండు ట్రేలుంటే పైది కిందకి, కిందిది పైకి మార్చండి. చిన్నవాటికి మొత్తం 25 నుంచి 30 నిమిషాలు, పొడుగు చిపొలాటాలకు 30 నుంచి 35 పడుతుంది.

10. తీపి పూత కావాలనుకుంటే ఆఖరి ఐదారు నిమిషాల్లోనే వేయాలి. తేనె, మస్టర్డ్ కలిపి బ్రష్‌తో రాయండి. మన నాలుకకి కొంచెం ఘాటు కావాలంటే చిల్లీ ఫ్లేక్స్ చిటికెడు కలపండి. తేనెను మొదట్లోనే రాస్తే బేకన్ వేగేలోపు అది మాడి, ట్రేకి నల్లగా అంటుకుని చేదెక్కుతుంది. నా మటుకు నాకు పూత లేనివే ఇష్టం. ప్లేటులో క్రాన్‌బెర్రీ సాస్ తీపి ఎలాగూ ఉంటుంది.

ఒంపిన కొవ్వును సింకులో పోయకండి. 2017లో లండన్ వైట్‌చాపెల్ దగ్గర మురుగు కాలువలో 130 టన్నుల కొవ్వు గడ్డ, 250 మీటర్ల పొడవున దొరికింది. ఇలా పోసిన కొవ్వుకి వెట్ వైప్స్ లాంటి చెత్త తోడై గడ్డకట్టిందే అది. గిన్నెలో గడ్డకట్టాక చెత్తబుట్టలో వేయండి. లేదా అందులో ఒక చెంచాడు తీసి స్ప్రౌట్స్ వేయించండి, చాలా రుచిగా ఉంటాయి. స్ప్రౌట్స్‌లో ఉప్పు మాత్రం తగ్గించాలి.

టర్కీతో పాటు ఎప్పుడు పెట్టాలి?

వంట అంతా సరిగ్గా చేసినా చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడ. టర్కీ సాధారణంగా 160, 180 మధ్య కాలుతుంది. దాని చుట్టూ రసాల ఆవిరి. ఆ పక్కనే ఈ ట్రేని ఇరికిస్తే బేకన్ ఆవిరికి ఉడికిపోతుంది. కానీ టర్కీని బయటికి తీశాక అరగంట నుంచి గంట దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువసేపు, ఫాయిల్ వదులుగా కప్పి కదపకుండా ఉంచాలి కదా. ఓవెన్ అప్పుడు ఖాళీ. ఆ సమయం బంగాళాదుంపలదీ వీటిదీ.

భోజనం రెండు గంటలకి అనుకుందాం. 12:45కి టర్కీ బయటికి తీసి ఓవెన్ వేడి 200కి పెంచండి. 12:55కి బంగాళాదుంపలు పై అరలో పెట్టండి. 1:20కి పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ రెండో అరలోకి వెళ్ళాలి. 1:35కి కొవ్వు ఒంపి, తిప్పి, ఈసారి పై అరలో పెట్టి, బంగాళాదుంపలను కిందకి దించండి. 1:50కి రెండూ తయారవుతాయి. గ్రేవీ వేడి చేసుకునేలోపు అందరూ టేబుల్ దగ్గరికి చేరతారు. గంట ముందే కాల్చి ఫాయిల్ కప్పి ఉంచితే మాత్రం కరకరలాడే బేకన్ మళ్ళీ మెత్తబడుతుంది. తప్పదనుకుంటే ఫాయిల్ కప్పకుండా ఉంచి, వడ్డించే ముందు ఐదు నిమిషాలు మళ్ళీ 200లో పెట్టండి.

అయ్యిందో లేదో ఎలా తెలుస్తుంది?

బేకన్ రంగు చూసి నిర్ణయించకండి. అన్నిటికంటే లావుగా ఉన్న సాసేజ్‌ని తీసుకుని, కొస వైపు నుంచి థర్మామీటర్‌ను మధ్యదాకా గుచ్చండి. 75 డిగ్రీలు చూపించి, అరనిమిషం పాటు అంతకంటే తగ్గకపోతే లోపల సరిగ్గా ఉడికినట్టే. బ్రిటన్‌లో ఆహార భద్రతా సంస్థ చెప్పే లెక్క అదే. థర్మామీటర్ లేకపోతే ఆ లావుదాన్ని మధ్యకి కోయండి. లోపల ఆవిరి రావాలి, మధ్యలో గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం ఎర్రగా కాకుండా తేటగా ఉండాలి. బేకన్ మాత్రం ఉడికాక కూడా గులాబీగానే ఉంటుంది, దాన్ని నిలవ చేయడానికి వాడే ఉప్పుల వల్ల వచ్చే రంగు అది. దానికి కంగారు పడక్కర్లేదు.

బేకన్ సంగతి పటకారుతో తేల్చుకోవచ్చు. అంచు మీద తడితే గట్టిగా తగలాలి. మెత్తగా లోపలికి నొక్కుకుంటే ఇంకో మూడు నిమిషాలు ఉంచండి.

తేడా వస్తే

బేకన్ పాలిపోయి ఉంది, సాసేజ్ ఉడికింది: ట్రే ఇరుకైంది, లేదా కొవ్వు ఒంపలేదు, లేదా బేకన్‌లో నీళ్ళున్నాయి. ఇప్పటికిప్పుడు కాపాడాలంటే కొవ్వు ఒంపేసి, వేడి 220కి పెంచి పై అరలో నాలుగైదు నిమిషాలు పెట్టండి. గ్రిల్ కింద పెట్టినా అవుతుంది గానీ పక్కనే నిలబడి చూడాలి, నిమిషంలో మాడుతుంది.

బేకన్ మాడుతోంది, సాసేజ్ పచ్చిగా ఉంది: సాసేజ్ లావుది, లేదా ఫ్యాన్ ఓవెన్‌లో కూడా 200 పెట్టారు. పైన ఫాయిల్ వదులుగా కప్పి, 160కి తగ్గించి, థర్మామీటర్ 75 చూపేదాకా ఉంచండి.

చుట్టు ఊడింది: సాగదీయలేదు, లేదా బేకన్ కొస అడుగుకి పెట్టలేదు. రుచికేమీ లోటుండదు.

సాసేజ్ పగిలింది: ఫోర్కుతో గుచ్చితే ఆవిరి పోయి పగలదని కొందరు గుచ్చుతారు. గుచ్చకండి, రసమంతా కారిపోయి ఎండిపోతుంది. ఈ వేడిలో చిన్న సాసేజ్‌లు మామూలుగా పగలవు.

ఎయిర్ ఫ్రయర్‌లో

బుట్టలో ఒకే వరుసగా పెట్టి 180లో 12 నుంచి 15 నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పండి. ఎనిమిది పది కంటే ఎక్కువ కుక్కితే ఓవెన్‌లో వచ్చే ఇబ్బందే ఇక్కడా వస్తుంది. ముగ్గురికి చేసేటట్లయితే నిజానికి ఇదే తేలిక, ఓవెన్ పూర్తిగా టర్కీకి వదిలేయవచ్చు.

పోర్క్ తిననివాళ్ళకి, శాకాహారులకి

మన తెలుగు కుటుంబాలు కలిసి క్రిస్మస్ భోజనం పెట్టుకుంటే పోర్క్ తిననివాళ్ళు ఉండనే ఉంటారు. వాళ్ళకోసం చికెన్ చిపొలాటాలకు టర్కీ రాషర్లు (టర్కీ మాంసంతో చేసిన బేకన్ లాంటి స్లైసులు) చుట్టండి. టర్కీ రాషర్లలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి పైన నూనె రాయాలి, సాగదీస్తే చిరుగుతాయి, టూత్‌పిక్ కావాలి. ఒక్క జాగ్రత్త: చికెన్ సాసేజ్ అయినా పైతొడుగు పంది పేగుతో చేసింది కావచ్చు, గొడ్డు తోలు నుంచి తీసిన కొల్లాజెన్ కావచ్చు. ప్యాకెట్ మీద అది చదివి, అతిథులకి చెప్పండి. హలాల్ కావాలంటే హలాల్ షాపులో చికెన్ చిపొలాటాలు అడగండి.

శాకాహారులకైతే వెజిటేరియన్ సాసేజ్‌కి కోర్జెట్ (జుకీని) రిబ్బన్లు బాగుంటాయి. పీలర్‌తో పొడుగ్గా తీసి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, నీళ్ళు అద్దేయండి. నూనె, కొంచెం సోయా సాస్, స్మోక్డ్ పాప్రికా రాసి చుట్టండి. 20 నుంచి 25 నిమిషాలు చాలు. వీటి ట్రే వేరు, పటకారు వేరు, పై అరలో పెట్టాలి, వీలైతే ముందు వీటినే కాల్చేయండి. పోర్క్ కొవ్వు ఒక్క చుక్క పడినా వాళ్ళు తినలేరు. మాట ఇచ్చి పిలిచినవాళ్ళకి ఆ నమ్మకం నిలబెట్టడం మన బాధ్యత.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో చేస్తుంటే

అక్కడ ఫ్రోజెన్‌లో దొరికే కాక్‌టెయిల్ సాసేజ్‌లు చాలావరకు ముందే ఉడికించినవి. ప్యాకెట్ చూసుకోండి. అలాంటివైతే బేకన్ వేగితే చాలు. ఓటీజీని పైనా కిందా రెండు రాడ్లూ వేసి 200లో పది పదిహేను నిమిషాలు వేడి చేసి, 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. చిన్న ఓటీజీలో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి ట్రేని మధ్య అరలోనే ఉంచండి.

ముందే చేసి పెట్టుకోవడం, మిగిలినవి

24న సాయంత్రం చుట్టేసి, మూత పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచుకోండి. 25 ఉదయం టెన్షన్ సగం తగ్గుతుంది. ప్యాకెట్ మీద యూజ్ బై తేదీ దాటకూడదు. ఇంకా ముందుగా చేయాలంటే పచ్చివాటినే ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి, సంచిలో వేస్తే ఫ్రీజర్‌లో మూడు నెలలు ఉంటాయి. సాసేజ్ గానీ బేకన్ గానీ అంతకుముందే ఒకసారి ఫ్రీజ్ చేసి కరిగించినదైతే మళ్ళీ పచ్చిగా ఫ్రీజ్ చేయకండి. వండే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి పూర్తిగా కరిగించండి. గడ్డగా ఉన్నవాటిని నేరుగా ఓవెన్‌లో పెడితే బేకన్ మాడేసరికి కూడా సాసేజ్ మధ్యలో చల్లగానే ఉంటుంది.

మిగిలితే గంట, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజుల్లో తినేయండి. వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్ వద్దు, బేకన్ రబ్బరులా సాగుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో 180లో ఐదు నిమిషాలు పెట్టి, మధ్యలోకి కోసి లోపల పొగలు కక్కుతోందో లేదో చూడండి. ఒక్కసారే వేడి చేయాలి, రెండోసారి వద్దు.